ఆశ్రయం కేసు విచారణలో న్యాయమైన పద్ధతి: విశాఖపట్నం కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం సూర్యాబాగ్‌లో జిల్లా కోర్టుకు దగ్గరలో నేను చాలా ఏళ్ళుగా తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి అనువదించి ఇస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం జనన ధ్రువపత్రాలు, పెళ్ళి రిజిస్ట్రేషన్లు, దస్తావేజులు. అప్పుడప్పుడు మాత్రం ఒక ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఒక వూండ్ సర్టిఫికెట్ (గాయాల వైద్య ధ్రువపత్రం), బెదిరింపు ఉత్తరం పట్టుకుని వచ్చి, "విదేశంలో మా అబ్బాయికి ఆశ్రయం కేసులో విచారణ ఉందటండీ, ఇవి పంపాలి" అని గొంతు తగ్గించి చెప్పేవారుంటారు. కులాంతర వివాహం చేసుకుని ప్రాణభయంతో వెళ్ళిపోయినవారు, మతం మారినందుకు ఊరి నుంచి వెలివేయబడినవారు, రాజకీయ కక్షల్లో చిక్కుకున్నవారు అలా వస్తారు. వారి కోసం, విదేశంలో ఉన్న వారి పిల్లల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇది నిజంగా భయం ఉన్నవారి కోసమే రాసినది. ఆయా దేశాల్లో అనుమతి ఉన్న న్యాయవాదిని సంప్రదించే అవసరాన్ని ఇది తీర్చదు.

మొదట తెలుసుకోవలసినది: ఆ విచారణలో మీ హక్కులేమిటి

1951 నాటి శరణార్థుల ఒడంబడిక ప్రకారం శరణార్థి అంటే జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదు కారణాలలో దేనివల్లనైనా తన దేశంలో హింసకు గురవుతానన్న సహేతుకమైన భయం ఉన్న వ్యక్తి. అటువంటి భయంతో మరో దేశంలో రక్షణ కోరడమే ఆశ్రయం కోరడం. ఆ భయం ఉన్నదా లేదా అని తేల్చే విచారణ క్రిమినల్ కేసు వంటిది కాదు. నేరాన్ని రుజువు చేసినట్టు అనుమానానికి తావు లేకుండా రుజువు చేయవలసిన పని లేదు. అమెరికా సుప్రీంకోర్టు 1987లో కార్డోజా ఫొన్సెకా కేసులో, హింస జరిగే అవకాశం 10 శాతమే ఉన్నా ఆ భయం సహేతుకం కావచ్చునని చెప్పింది. ఆస్ట్రేలియా హైకోర్టు 1989లో చాన్ కేసులో, ఆ అవకాశం సగానికి తక్కువైనా అది ఊహాజనితం కాకుండా వాస్తవమైనదైతే చాలునని నిర్ణయించింది.

రుజువు ప్రమాణం ఇంత తక్కువగా ఉన్నా ఎన్నో కేసులు ఓడిపోతాయి. చెప్పినది నమ్మలేదనే కారణమే వాటిలో తరచుగా కనిపిస్తుంది. అందుకే నమ్మడానికి, నమ్మకపోవడానికి అధికారి ఏ పద్ధతిని అనుసరించారన్నది కీలకమవుతుంది. మన న్యాయస్థానాల్లో సహజ న్యాయసూత్రాలు అని పిలిచేవే అక్కడ కూడా ఆధారం: మీ మాట విన్న తర్వాతే నిర్ణయించాలి, మీకు వ్యతిరేకంగా ఉన్న సమాచారాన్ని మీ ముందు పెట్టి జవాబు అడగాలి, నిర్ణయించే వ్యక్తి ముందే మనసు మూసుకుని ఉండకూడదు, నిర్ణయానికి కారణాలు చెప్పాలి.

ఈ హక్కులు ఊరికే రాలేదు. కెనడాలో ఒకప్పుడు ఆశ్రయం కోరినవారిని ఎదుట కూర్చోబెట్టి వినకుండానే కాగితాలు చూసి తిరస్కరించే వీలుండేది. ఏడుగురు దరఖాస్తుదారులు, వారిలో ఎక్కువ మంది భారతదేశం నుంచి వెళ్ళిన సిక్కులు, దానిని సవాలు చేయగా 1985 ఏప్రిల్ 4న ఆ దేశ సుప్రీంకోర్టు సింగ్ కేసులో వారి మాటను నేరుగా వినవలసిందేనని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా హైకోర్టు, టోంగా దేశపు కియోవా కుటుంబం కేసులో, తమకు తెలియని ప్రతికూల సమాచారం ఆధారంగా వారిని పంపివేయడం అన్యాయమని చెప్పింది. మన దేశంలో 1978 నాటి మేనకా గాంధీ తీర్పు, పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పిన మాట కూడా ఇదే కోవలోది.

విచారణ ఉత్తరం అందిన రోజు

తేదీ, సమయం, స్థలం, భాష, కాగితాలు దాఖలు చేయడానికి గడువు అనే ఐదింటినీ ఆ రోజే ఒక కాగితం మీద రాసుకోవాలి. చిరునామా మారితే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో దీనికి 5 రోజుల గడువు ఉంది. ఉత్తరం పాత చిరునామాకు వెళ్ళినా అందినట్టే లెక్క వేస్తారు కనుక, హాజరు కాకపోతే మీరు లేకుండానే పంపివేత ఉత్తర్వు వెలువడవచ్చు. అనారోగ్యం వల్ల వాయిదా కావాలంటే వైద్యుడి ధ్రువపత్రంతో ముందుగా రాసి అడగాలి.

న్యాయవాది విషయంలో దేశానికొక పద్ధతి ఉంది. బ్రిటన్‌లో అర్హులకు ప్రభుత్వ న్యాయసహాయం దొరుకుతుంది, అమెరికాలో మాత్రం ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వరు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చే వ్యక్తి అక్కడి నియంత్రణ సంస్థలో నమోదై ఉన్నారా అని పేరుతో వెతికి చూసుకోవాలి. ఇక్కడ ఏజెంటు రాసిచ్చిన కథ మీద సంతకం పెట్టి వెళ్ళినవారి ఫైళ్ళు నేను చూశాను. ఒక యువకుడి దరఖాస్తులో, అతను ఏనాడూ సభ్యుడు కాని పార్టీలో అతను మండల నాయకుడని ఉంది. అతనికి నిజమైన భయమే ఉంది, కాని ఆ ఒక్క అబద్ధం వల్ల నిజాన్ని కూడా నమ్మలేదు. అటువంటి తప్పు మీ దరఖాస్తులో ఉందని తెలిస్తే, విచారణకు ముందే న్యాయవాది ద్వారా మీ అంతట మీరే సరిదిద్దాలి. అధికారి పట్టుకున్న తర్వాత ఇచ్చే సంజాయిషీకి ఆ బలం ఉండదు.

ఫైలు తెప్పించుకుని తొలి వాంగ్మూలాన్ని చదవడం

విమానాశ్రయంలో మొదట అడిగిన ప్రశ్నలు, ఆ తర్వాతి ఇంటర్వ్యూ, దరఖాస్తు ఫారం, వాటి రికార్డింగులు, వీటన్నిటి నకళ్ళు కోరాలి. దిగిన రోజు నిద్ర లేకుండా, భయంతో, రెండు ముక్కల్లో చెప్పిన మాటకూ ఆరు నెలల తర్వాత వివరంగా చెప్పిన మాటకూ తేడా ఉండటం సహజం, కాని ఆ తేడా ఎక్కడ ఉందో అధికారి కంటే ముందుగా మీకు తెలిసి ఉండాలి. తేడా ఉన్న ప్రతి చోటా కారణాన్ని ఉన్నది ఉన్నట్టుగా రాసి, వీలైతే విచారణకు ముందే అదనపు వాంగ్మూలంగా దాఖలు చేయాలి.

ముందుగా తెలుగులోనే రాసుకోవడం

నా అనుభవంలో ఎక్కువ కేసులు తడబడేది ఇక్కడే, అందుచేత ఈ అంచెను కొంచెం నిదానంగా చెబుతాను.

జరిగినదంతా ముందు మీ ఇంటి తెలుగులో, మీరు అమ్మతో చెప్పినట్టుగా, వరుస క్రమంలో రాసుకోవాలి. ఇంగ్లీషులో నేరుగా రాస్తే మీకు వచ్చిన పదాల మేరకే మీ కథ కుదించుకుపోతుంది. తేదీలు మనకు పండుగలతో, తుపానులతో, పంట కోతలతో గుర్తుంటాయి. సంక్రాంతి ఏటా జనవరి నడుమనే వస్తుంది కనుక చిక్కు లేదు. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది, సింహాచలం చందనోత్సవం, విజయనగరం సిరిమానోత్సవం ఏటా తేదీ మారతాయి. ఆ ఏటి పంచాంగం చూసి ఇంగ్లీషు తేదీని పక్కన రాసుకోవాలి. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది 2014 అక్టోబరు 12న. "హుద్‌హుద్‌కు నెల ముందు" అని గుర్తున్నవారు అలాగే చెప్పి, "అంటే సెప్టెంబరు నడుమ కావచ్చు" అని చేర్చడమే నిజాయితీ. కచ్చితంగా తెలియని తేదీని కచ్చితంగా చెప్పకూడదు. రాత్రి పన్నెండు దాటాక జరిగిన సంఘటనను మనవారు ముందు రోజు కిందనే లెక్కిస్తారు, ఎఫ్.ఐ.ఆర్.లో మరుసటి తేదీ ఉంటుంది. ఆ ఒక్క రోజు తేడాను వైరుధ్యమని రాసిన నిర్ణయపత్రాన్ని నేను స్వయంగా అనువదించాను. "మొన్న" అనే మాట కూడా అలాంటిదే, మనం రెండు రోజుల కిందటి సంగతికీ రెండు నెలల కిందటి సంగతికీ దానినే వాడతాం.

తర్వాత బంధుత్వాల పట్టిక వేసుకోవాలి. పెందుర్తి నుంచి వచ్చిన ఒక తల్లి తెచ్చిన ఫైలులో కొడుకు "మా అన్నను కొట్టారు" అని చెప్పాడు, దరఖాస్తు ఫారంలో అన్నదమ్ములు లేరని ఉంది, నిర్ణయంలో అతను అబద్ధం చెప్పాడని ఉంది. ఆవిడను అడిగితే, "వాడు మా బావగారి కొడుకు బాబూ, మావాడికి అన్నే కదా" అన్నారు. పెదనాన్న కొడుకు మనకు అన్నే, కాని ఇంగ్లీషులో ఆ మాట సొంత అన్నగానే వినబడుతుంది. మామయ్య అంటే మేనమామ కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పిల్లనిచ్చిన మామ కావచ్చు. అందుకే వాంగ్మూలంలో వచ్చే ప్రతి వ్యక్తి పక్కన "అమ్మ తమ్ముడు", "నాన్నగారి అన్న కొడుకు" అని విడమరచి రాసి, ఆ పట్టికను వాంగ్మూలానికి జతచేయాలి.

వ్యవహారంలోని మాటలను కూడా అలాగే విప్పి చెప్పాలి. ఊళ్ళో "పంచాయితీ పెట్టారు" అంటే పెద్దమనుషులు తగువు తీర్చడానికి కూర్చున్నారని అర్థం. అది గ్రామ పంచాయతీగా తర్జుమా అయితే, ప్రభుత్వ సంస్థే మిమ్మల్ని శిక్షించిందన్న అర్థం వచ్చి కేసు స్వరూపమే మారిపోతుంది. "కేసు పెట్టాం" అన్నది ఎఫ్.ఐ.ఆర్. నమోదైందని చెప్పడమా, ఫిర్యాదు కాగితం ఇచ్చి వచ్చామని చెప్పడమా? "స్టేషన్‌కు పట్టుకెళ్ళారు" అన్నది అరెస్టా, మాట్లాడి పంపేశారా? ఈ తేడాలు ఇక్కడ అందరికీ సందర్భాన్ని బట్టి తెలుస్తాయి, అక్కడ ఎవరికీ తెలియవు.

దుబాసీ

విచారణ భాష తెలుగు అని మాత్రమే రాయకుండా, "ఉత్తరాంధ్ర మాండలికం" అని కూడా రాయమని నేను అందరికీ చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు "అప్ప" అంటే అక్క. కన్నడ లేదా తమిళ వాతావరణంలో పెరిగిన దుబాసీకి, అంటే మీ మాటను అధికారికి అనువదించి చెప్పే వ్యక్తికి, ఆ మాట తండ్రిగా తోచవచ్చు. స్త్రీలు తమపై జరిగిన లైంగిక హింస గురించి చెప్పవలసి ఉంటే మహిళా అధికారిని, మహిళా దుబాసీని ముందుగానే రాతపూర్వకంగా కోరవచ్చు. అక్కడి తెలుగు సంఘాలు చిన్నవి కనుక, దుబాసీ మీ ఊరివాడో, అవతలి వర్గానికి తెలిసినవాడో అయ్యే అవకాశమూ ఉంది. అలా ఉంటే వేరొకరిని కోరడానికి మొహమాటపడకూడదు. దుబాసీని ఎవరు ఏర్పాటు చేస్తారో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో ఇమిగ్రేషన్ కోర్టు తానే ఏర్పాటు చేస్తుంది, అదే దేశంలో ఆశ్రయ కార్యాలయపు ఇంటర్వ్యూకు దరఖాస్తుదారే తీసుకురావలసి ఉంటుంది.

గదిలో కూర్చున్నాక మొదటి ఐదు నిమిషాలు పరీక్షా సమయంగా భావించి, మీ మాట దుబాసీకి, దుబాసీ మాట మీకు పూర్తిగా అర్థమవుతున్నదా అని గమనించాలి. మీరు నాలుగు వాక్యాలు చెబితే ఆయన ఒక్కటే చెప్పినా, మీతో సొంతంగా వాదించినా, "అయ్యా, నా మాట పూర్తిగా చెప్పలేదు, ఇది రికార్డులో రాయండి" అని అప్పటికప్పుడే అనాలి. మనవారికి ఇది కష్టం. పెద్ద అధికారి ముందు, అందులోనూ సాయం చేస్తున్న మనిషి మీద ఫిర్యాదు చేయడం మర్యాద కాదని ఊరుకుంటారు. కాని కెనడాలో 2001లో మొహమ్మదియన్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, అనువాదం నిరంతరాయంగా, కచ్చితంగా, సమర్థంగా, నిష్పక్షపాతంగా, మాటతో పాటే సాగాలని ఒప్పుకుంటూనే, లోపం కనిపించిన మొదటి అవకాశంలోనే అభ్యంతరం చెప్పాలని తేల్చింది. కుర్దు భాష మాట్లాడే ఆ ఇరాన్ దేశస్థుడు విచారణలో నోరు మెదపలేదు కనుక తర్వాత చేసిన ఫిర్యాదు చెల్లలేదు.

"మీరు ఫిర్యాదు చేయలేదు కదా?" అన్న ప్రశ్నకు తెలుగులో "అవును" అంటే చేయలేదని అర్థం, ఇంగ్లీషులో ఆ జవాబు చేశానని పడవచ్చు. ఇటువంటి ప్రశ్నలకు "లేదండీ, నేను ఫిర్యాదు చేయలేదు" అని పూర్తి వాక్యంతో జవాబివ్వడం అలవాటు చేసుకోవాలి. తల ఊపడం రికార్డులోకి ఎక్కదు.

విశాఖ నుంచి పంపవలసిన కాగితాలు

ఫిర్యాదు చేసినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి ఇది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కిందకు వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు, సున్నితమైన కేసులు మినహా ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో ఉంచాలని ఆదేశించింది. కోర్టు కాగితాలకు కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ నకళ్ళు తీసుకోవాలి. గాయాలకు చికిత్స జరిగితే మెడికో లీగల్ రికార్డు, వూండ్ సర్టిఫికెట్ కోరాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే, స్పీడ్ పోస్టులో పంపిన కాగితం రసీదు కూడా సాక్ష్యమే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ కాగితాలు దేనికని ఎవరు అడిగినా, విదేశంలో ఆశ్రయం కేసు ఉందని చెప్పవలసిన అవసరం లేదు. దరఖాస్తు సంగతి స్వదేశపు అధికారులకు చేరకుండా ఉండటం ఆశ్రయ విధానంలో మొదటి రక్షణలలో ఒకటి, దానిని ఇంటివారే భగ్నం చేయకూడదు. పక్కింటివారికీ, బంధువుల వాట్సాప్ గ్రూపులకూ ఇదే వర్తిస్తుంది.

ఇరుగుపొరుగుల లేఖలు ఒకే చేతిరాతతో, ఒకే వాక్యాలతో ఉంటే వాటి వల్ల నష్టమే. ఎవరు ఏమి కళ్ళారా చూశారో అంతే, వారి మాటల్లోనే రాయించాలి. అనువాదకుడు తన పేరు, అర్హత, అనువాదం సరైనదన్న ధ్రువీకరణ రాసి సంతకం చేయాలి, అసలు తెలుగు ప్రతిని కూడా జతచేయాలి.

విచారణ గదిలో

భారతీయుల కేసుల్లో దాదాపు తప్పక వచ్చే ప్రశ్న ఒకటి ఉంది: "మీ దేశం ఇంత పెద్దది, హైదరాబాదుకో ముంబైకో వెళ్ళి బతకవచ్చు కదా?" దీనికి తయారుగా లేనివారు నీళ్ళు నములుతారు. అవతలివారు మిమ్మల్ని అక్కడ కూడా ఎలా కనుక్కోగలరు, ఇంతకు ముందు అలా వెళ్ళి చూశారా, అక్కడ బతకడం ఎందుకు సాధ్యం కాదు అన్నవాటికి ఆధారాలతో జవాబు ఉండాలి. కెనడా ఫెడరల్ అప్పీలు కోర్టు 1991 నాటి రసరత్నం కేసు నుంచి, దేశం లోపలే మరో చోట తలదాచుకోవచ్చునన్న అంశాన్ని ఎత్తదలచుకుంటే దరఖాస్తుదారుకు ముందుగా తెలియజేయాలని చెబుతూ వచ్చింది. హఠాత్తుగా ఎత్తితే, ఈ విషయంపై నాకు ముందుగా తెలియజేయలేదు, జవాబుకు సమయం ఇవ్వండి అని కోరాలి. అలాగే పోలీసు రక్షణ గురించి అడుగుతారు. పరువు హత్యల నివారణకు 2018లో శక్తి వాహిని కేసులో మన సుప్రీంకోర్టు ప్రత్యేక విభాగాలు, రక్షణ గృహాలు ఏర్పాటు చేయమని ఆదేశించిందని అధికారి చూపవచ్చు. ఆదేశం ఉండటం వేరు, మీ ఊళ్ళో మీకు రక్షణ అందడం వేరు, మీరు ఎక్కడెక్కడికి వెళ్ళి అడిగారో, ఏమన్నారో చెప్పాలి.

ప్రతికూల సమాచారం గురించి ఓడరేవు ఊరివారికి బాగా అర్థమయ్యే కేసు ఒకటి ఉంది. ఓడ సిబ్బందిలో ఒకడైన ఇరాన్ దేశస్థుడు ఆస్ట్రేలియాలో దిగిపోయి ఆశ్రయం కోరాడు. మొదటి అధికారి అతని కథలోని కొన్ని భాగాలను ప్రశ్నించనేలేదు. సమీక్ష చేసిన ట్రైబ్యునల్ కూడా ఆ భాగాలపై అతనికి ఏ సూచనా ఇవ్వకుండా, నిర్ణయంలో మాత్రం అవి నమ్మశక్యం కావని రాసింది. 2006లో ఆ దేశ హైకోర్టు దానిని అన్యాయమని కొట్టివేసింది. ఈ తీర్పు నుంచి తీసుకోవలసిన పని ఏమంటే, విచారణ ముగిసేముందు "నేను చెప్పినవాటిలో మీకు సందేహం ఉన్న విషయం ఇంకేమైనా ఉందా? ఉంటే ఇప్పుడే జవాబిస్తాను" అని మర్యాదగా అడగడం.

గట్టిగా ప్రశ్నించడం పక్షపాతం కాదు. జవాబు పూర్తి కాకముందే పదేపదే ఆపడం, మీ మతాన్నో కులాన్నో కించపరచడం, నిర్ణయం అయిపోయినట్టు మాట్లాడటం మాత్రం అభ్యంతరం చెప్పవలసినవి. మాటలు రాకపోతే, చేతులు వణికితే విరామం అడగాలి. హింసను అనుభవించినవారికి సంఘటనల వరుస తారుమారు కావడం వైద్యులకు తెలిసిన విషయమే, మానసిక వైద్యుడి నివేదిక ఉంటే విచారణకు ముందే దాఖలు చేయాలి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1979లో వెలువరించిన మార్గదర్శక గ్రంథం, వాస్తవాలను నిర్ధారించే బాధ్యత దరఖాస్తుదారు, అధికారి ఇద్దరిదీ అని, నమ్మదగిన కథకు ఆధారాలు పూర్తిగా దొరకని చోట సందేహ లాభం దరఖాస్తుదారుకే ఇవ్వాలని చెబుతున్నది.

తిరస్కరణ వస్తే

మొదట గడువు లెక్కపెట్టాలి. బ్రిటన్ లోపలి నుంచి అప్పీలుకు సాధారణంగా 14 రోజులు, ఆస్ట్రేలియాలో ట్రైబ్యునల్ నిర్ణయంపై కోర్టుకు వెళ్ళడానికి 35 రోజులు ఉంటాయి. తర్వాత నిర్ణయపత్రంలో ఒక్కొక్క కారణం పక్కన, ఆ విషయం విచారణలో మిమ్మల్ని అడిగారా, మీరేమి చెప్పారు, రికార్డింగులో ఎక్కడుంది అని రాసుకోవాలి. వాస్తవాలను తిరిగి చూసే అప్పీలుకూ, పద్ధతి సక్రమంగా జరిగిందా అని మాత్రమే చూసే కోర్టు సమీక్షకూ తేడా ఉంది. రెండవదానిలో "నేను చెప్పినది నిజం" అన్న వాదనకు చోటు లేదు, "నన్ను అడగలేదు, నా జవాబును పరిగణించలేదు" అన్న వాదనకు చోటుంది. గెలిచినా వీసా చేతికి రాదు, కేసు కొత్త విచారణకు తిరిగి వెళ్తుంది.

ఇతర దేశాల నుంచి విశాఖకు వచ్చినవారికి

1960లలో బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చిన కుటుంబాల పేరు కంచరపాలెం బర్మా క్యాంపులో ఇప్పటికీ నిలిచి ఉంది. వారు మనవారుగా గుర్తింపు పొందారు. చదువుకోవడానికి వచ్చి, తమ దేశంలో పరిస్థితి మారి తిరిగి వెళ్ళలేకపోయే విదేశీ విద్యార్థుల స్థితి వేరు. భారతదేశం 1951 ఒడంబడికలో గాని దానికి అనుబంధమైన 1967 ప్రోటోకాల్‌లో గాని చేరలేదు, ఇప్పుడు 2025 నాటి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టమే విదేశీయులందరికీ వర్తిస్తుంది. ఆఫ్ఘానిస్తాన్, మయన్మార్ వంటి దేశాలవారి దరఖాస్తులను ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ విచారిస్తుంది. అక్కడ దుబాసీ, గోప్యత, తిరస్కరణకు కారణాలు, సాధారణంగా 30 రోజుల్లో అప్పీలు, ఆ అప్పీలును వేరొక అధికారి చూడటం అన్నవి ఉంటాయి. వీసా గడువు ముగియకముందే నమోదుకు ప్రయత్నించడం మంచిది.

1996లో, నేటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి శరణార్థులుగా వచ్చిన చక్మాల కేసులో మన సుప్రీంకోర్టు, జీవించే హక్కు పౌరులు కానివారికి కూడా ఉందని చెప్పింది. 2021 మేలో మణిపూర్ హైకోర్టు, మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురు ఢిల్లీ వెళ్ళి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థను ఆశ్రయించడానికి మార్గం కల్పించింది. అదే ఏడాది రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు వారిని పంపివేయడాన్ని ఆపలేదు, అయితే నిర్దేశిత పద్ధతిని అనుసరించకుండా పంపకూడదని పేర్కొన్నది. కనుక ఎవరినైనా అదుపులోకి తీసుకున్నారని తెలిస్తే, తీసుకున్న తేదీ, స్థలం, చూపిన ఉత్తర్వు నకలు సంపాదించి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఆ దరఖాస్తులో వ్యక్తి మాట్లాడే భాషను పెద్ద అక్షరాలతో రాయాలి.